బటన్ నొక్కిన చోటే సెగ మొదలైందా?

కొలతవాది: పాదం పైభాగాన మూడు సెంటీమీటర్ల పొడవు, అంతే వెడల్పు ఉన్న చదునైన లోహపు పలకను పట్టీతో కడతారు. దాన్ని 32 డిగ్రీల సెల్సియస్ దగ్గర నిలిపి ఉంచుతారు. కూర్చున్న మనిషి చేతికి ఒక బటన్ ఇస్తారు. పలక సెకనుకు ఒక డిగ్రీ చొప్పున చల్లబడుతుంది. చల్లదనం తెలిసిన క్షణాన బటన్ నొక్కాలి. నొక్కగానే పలక మళ్ళీ 32కు వస్తుంది. ఇలా మూడుసార్లు చల్లదనం, మూడుసార్లు వెచ్చదనం. ఆ తర్వాత చలి నొప్పిగా మారేదెక్కడ, వేడి నొప్పిగా మారేదెక్కడ అన్నది చూస్తారు. చర్మం దెబ్బతినకుండా కింద సున్నా, పైన 50 డిగ్రీలు దాటనివ్వరు. చూడ్డానికి ఇంతే. కానీ చాలా మామూలు పరీక్షలు పలకరించని నరాలను ఇది పలకరిస్తుంది. చల్లదనాన్ని మోసేవి పలచని తొడుగున్న సన్నటి నరపు పోగులు. వెచ్చదనాన్ని మోసేవి ఆ తొడుగు కూడా లేని ఇంకా సన్నటివి. నరాలకు కరెంటు ఇచ్చి వేగం చూసే మామూలు పరీక్ష మందపాటి పోగుల సంగతే చెబుతుంది. అరికాళ్ళు రాత్రంతా మండిపోతున్నాయని వచ్చిన మనిషికి ఆ రిపోర్టు ‘నార్మల్’ అని వస్తే, మంట అబద్ధమనుకోవాలా?

అనుభవవాది: అబద్ధం కాదు, నిజమే. ఆ మంటకు సాక్షిగా ఈ పలక నిలబడుతుందా అన్నదే ప్రశ్న. వెచ్చదనం కబురు మోసే పోగుల్లో వేగం సెకనుకు సుమారు ఒక మీటరు. పెద్దవాళ్ళలో పాదం నుంచి వెన్నుపాము దాకా దూరం కూడా దాదాపు అంతే. అంటే కబురు వెన్ను చేరేలోపు సెకను గడిచిపోతుంది. పలక సెకనుకు డిగ్రీ వేడెక్కుతోంది కదా, ఆ ఆలస్యమే ఒక డిగ్రీగా రీడింగులోకి చేరిపోతుంది. పొడుగాటి మనిషికి ఇంకాస్త, వేలు నెమ్మదిగా కదిలే వృద్ధుడికి మరికాస్త. ‘ఇప్పుడు తెలిసిందా, లేదా’ అని ఒక్కో మెట్టు దగ్గర ఆగి అడిగే పద్ధతి వాడితే ఈ ఆలస్యం అంటదు, కానీ వచ్చే అంకె వేరు. ఒకే పాదానికి, ఒకే రోజున, పద్ధతిని బట్టి రెండు అంకెలు! వీటిలో చర్మం చెప్పింది ఏది?

కొలతవాది: రెండూ చర్మం చెప్పినవే. రెండు వేర్వేరు ప్రశ్నలకు రెండు జవాబులు.

అనుభవవాది: ఇంగ్లండులో తత్వవేత్త జాన్ లాక్ 1690లోనే దీన్ని గుర్తించాడు. ఒకే నీళ్ళు ఒక చేతికి చల్లగా, మరో చేతికి వేడిగా తగలగలవన్నాడు. ఒక చేతిని వేడి నీళ్ళలో, మరోదాన్ని చన్నీళ్ళలో కాసేపు ఉంచి, రెండింటినీ గోరువెచ్చని నీళ్ళలో పెడితే ఇప్పటికీ ఎవరింట్లోనైనా తెలిసిపోతుంది. చర్మం థర్మామీటరు కాదు. ఇంతకుముందు ఎలా ఉండేది, ఇప్పుడెంత మారింది, ఎంత వేగంగా మారింది అన్నదే దానికి పట్టింపు. సుమారు 30 నుంచి 36 డిగ్రీల మధ్య ఎక్కడ నిలిపినా కాసేపటికి అలవాటు పడి, వేడీ లేదు చల్లనా లేదు అంటుంది. పలకను మరీ నిదానంగా వేడి చేస్తే కొన్ని డిగ్రీలు జరిగిపోయినా గమనించదు. 32 నుంచి మొదలుపెట్టడం, సెకనుకు ఒక డిగ్రీ అనడం, రెండూ కొలిచేవాళ్ళు పెట్టుకున్న షరతులు. చర్మం అడిగినవి కావు.

కొలతవాది: షరతులు లేకుండా ఏ కొలతా లేదు. బీపీ చూసేటప్పుడు మనిషిని కూర్చోబెట్టి, కాసేపు ఆగి, చేతిని గుండె ఎత్తున పెట్టమంటారు. అలాగని బీపీ కల్పన అయిపోదు. ఈ పరీక్షలోనూ ఒకటే మొదలు, ఒకటే వేగం, రోగికి చదివి వినిపించే సూచనలు అక్షరం మారకుండా ఒకటే. జర్మనీలో నరాల నొప్పి మీద పనిచేసే పరిశోధకులు కలిసి 180 మంది ఆరోగ్యవంతులను ఇలా పరీక్షించి, 2006లో వయసు వారీగా, ఆడ మగ వారీగా, శరీర భాగాల వారీగా ప్రమాణాలు ప్రచురించారు. వృద్ధుడి వేలు నెమ్మదిస్తుందన్నది నిజమే కాబట్టి అతని రీడింగును అతని వయసువాళ్ళతోనే పోలుస్తారు.

ఇంకో సంగతి. చర్మంలో చలువ, వెచ్చదనం వేరువేరు చుక్కల దగ్గర తెలుస్తాయని 1880లలో ముగ్గురు విడివిడిగా కనిపెట్టారు. స్వీడన్‌లో మాగ్నస్ బ్లిక్స్, జర్మనీలో ఆల్ఫ్రెడ్ గోల్డ్‌షైడర్, అమెరికాలో హెన్రీ డోనల్డ్‌సన్. చల్లటి లోహపు మొనను చర్మం మీద మెల్లగా జరుపుతూ పోతే కొన్ని చోట్ల ఏమీ తెలియదు, ఒక్కచోట మాత్రం చల్లదనం స్పష్టంగా తగులుతుంది. వెచ్చటి మొనకు పలికే చుక్కలు వేరేచోట ఉంటాయి, సంఖ్యలో చాలా తక్కువ. ఒకరి పని ఒకరికి తెలియకుండా ముగ్గురూ ఒకే చోటికి వచ్చారంటే అక్కడ పట్టుకోవడానికి ఏదో ఉందన్నమాటే. అదేమిటో శతాబ్దం తర్వాత తేలింది. మిరపకాయ మంటకూ, సుమారు 43 డిగ్రీలు దాటిన వేడికీ తెరుచుకునే ప్రొటీన్ ద్వారాన్ని 1997లో డేవిడ్ జూలియస్ బృందం గుర్తించింది. పుదీనాలోని మెంథాల్‌కూ చలువకూ తెరుచుకునే ద్వారాన్ని 2002లో జూలియస్, ఆర్డెమ్ పటపూటియన్ ఎవరికి వారుగా కనిపెట్టారు. 2021లో ఇద్దరికీ కలిపి నోబెల్ ఇచ్చారు.

అనుభవవాది: గాజు పళ్ళెంలోని కణంలో తలుపు తెరుచుకుంటుంది. అక్కడ ఎవరికీ వేడి తగలదు. తలుపుకూ తగలడానికీ మధ్య ఎంత దూరముందో 1896లో స్వీడన్‌లోనే టోర్‌స్టెన్ థున్‌బర్గ్ చూపించాడు. చల్లటి కడ్డీ పక్కన వెచ్చటి కడ్డీ, దాని పక్కన మళ్ళీ చల్లటిది, అలా వరసగా పేర్చాడు. ఇప్పటి ప్రయోగాల్లో 20 డిగ్రీలవి, 40 డిగ్రీలవి వాడతారు. ఒక్కోదాన్ని విడిగా ముట్టుకుంటే హాయిగానే ఉంటాయి. అరచెయ్యి మొత్తంగా ఆనిస్తే చాలామందికి చురుక్కుమని మంట తెలుస్తుంది, చెయ్యి వెనక్కి లాక్కునేంతగా. అక్కడ మంట పుట్టించే వేడి ఎక్కడా లేదు. థర్మామీటరు ఎక్కడ పెట్టినా 20, లేదంటే 40. మరి మంట ఎక్కడి నుంచి వచ్చింది? ఒక్క చలువ చుక్క మీద 45 డిగ్రీలు దాటిన వేడి మొనను ఆనిస్తే చల్లగా తగులుతుందని ఫాన్ ఫ్రే అనే శాస్త్రవేత్త 1895లో చెప్పాడు. ఇవన్నీ చర్మం చేసే తప్పులంటారా? వేడి అనే అనుభవం తయారయ్యే తీరే అది. వెన్నుపాములో, మెదడులో, పక్కనున్న చర్మంతో కలిసి, అంతకుముందు జరిగినదానితో కలిసి తయారవుతుంది. తొమ్మిది చదరపు సెంటీమీటర్ల పలక అందులో ఒక ముక్కను కత్తిరించి బయటపెడుతుంది.

అసలు మనిషికి వేడి చలి ఎలా తెలుస్తున్నాయో కావాలంటే మనిషినే అడగాలి. 2008 వేసవి, వానాకాలాల్లో హైదరాబాద్‌లోని అపార్ట్‌మెంట్లలో ఆ పనే చేశారు. ఇళ్ళల్లో ఉన్నవాళ్ళను ‘ఇప్పుడు మీకెలా ఉంది’ అని అడిగి 3,962 జవాబులు పోగుచేశారు. వేడీ కాదు చలీ కాదు అని వాళ్ళకు అనిపించిన గది ఉష్ణోగ్రత 29.23 డిగ్రీలు. దాదాపు 32 దాకా సర్దుకుపోగలమన్నారు. అప్పటి జాతీయ భవన నిర్మాణ నియమావళి మాత్రం 23 నుంచి 26 మధ్య ఉంటేనే సౌఖ్యమంది. పుస్తకంలోని అంకె హైదరాబాదీ ఒంటికి అతకలేదు.

కొలతవాది: ఆ అధ్యయనం కొలతకు వ్యతిరేకంగా ఎలా చెబుతుందో అర్థం కాలేదు. ‘ఫరవాలేదు’ అన్న ప్రతి జవాబు పక్కనా గది వేడి, గాలి తేమ, ఒంటిమీద బట్టలు అన్నీ రాసుకున్నారు కాబట్టే 29.23 తేలింది. ఉత్త మాటలే పోగుచేసి ఉంటే నియమావళి తప్పని ఎవరు నిరూపించేవాళ్ళు? మనిషి మాటను గెలిపించింది ఆ పక్కన ఉన్న అంకే. థున్‌బర్గ్ కడ్డీల సంగతీ అంతే. 20, 40 అని కచ్చితంగా తెలుసు కాబట్టే అక్కడ మంట వింత అయింది. పైగా ఈ పరీక్ష అలాంటి వింతలను పారేయదు. వేడీ చలువా మార్చి మార్చి ఇచ్చేటప్పుడు చల్లబడుతున్న పలక ఎవరికైనా వేడిగా తగిలితే, దాన్నీ విడిగా లెక్కపెట్టుకుంటుంది. నరాల జబ్బుల్లో అది కొందరిలో ఎక్కువగా కనబడుతుంది.

ఇక మనిషినే అడగాలన్న మాట. అడగవచ్చు. కానీ పోయినదాన్ని గురించి మనిషికి ఏం తెలుస్తుంది? అమెరికాలో స్టీవెన్స్, చూ అనే పరిశోధకులు 18 నుంచి 88 ఏళ్ళ మధ్య ఉన్న 60 మందిని, ఒంటిమీద 13 చోట్ల పరీక్షించి 1998లో ప్రచురించారు. పెదవుల చుట్టూ చర్మం అతిసూక్ష్మమైన మార్పును పట్టేస్తుంది. పాదం పట్టాలంటే దానికి ఎన్నో రెట్లు కావాలి. అన్నిచోట్లా వెచ్చదనం కంటే చల్లదనమే ముందు తెలుస్తుంది. వయసు పైబడే కొద్దీ ముఖం తన పదును చాలావరకు నిలుపుకుంటుంది, పాదాలు పోగొట్టుకుంటాయి. టీ గ్లాసు పెదవికి ఆనించగానే వేడి ఠక్కున తెలిసే పెద్దాయన, తన ఒళ్ళు మొత్తం అలాగే ఉందనుకుంటాడు. అలా అనుకోవడం సహజం. షుగర్ కూడా ఉంటే పాదంలో వెచ్చదనం కబురు మోసే పోగులు ఇంకా ముందే ఎండిపోతాయి. మే నెల మధ్యాహ్నం గుడి ప్రాంగణంలో వట్టి కాళ్ళతో ప్రదక్షిణ చేసి, ఇంటికొచ్చాక అరికాలి మీద బొబ్బలు చూసుకుని ‘ఇవెప్పుడు లేచాయి’ అని అడిగేవాళ్ళు మన ఊళ్ళల్లో ఉన్నారు. కాళ్ళు చల్లబడ్డాయని వేడినీళ్ళ సంచి పెట్టుకుని కాల్చుకున్నవాళ్ళున్నారు. కాలికి చెప్పు జారిపోయినా తెలియక నాలుగడుగులు వేసేవాళ్ళున్నారు. వాళ్ళను ముందు రోజు అడిగితే ఏమనేవారు? ‘కాళ్ళకేం, శుభ్రంగా ఉన్నాయి’ అనే. ఆ మాటలో అబద్ధం లేదు. వాళ్ళ అనుభవం అదే.

ఈ దెబ్బకు ఎదుటి పక్షం దగ్గర నేరుగా జవాబు లేదు, ఆ సంగతి దాచుకోనూ లేదు. 2023లో వచ్చిన ఐసీఎంఆర్ అధ్యయనం లెక్కన దేశంలో షుగర్ ఉన్నవాళ్ళు 10 కోట్లకు పైమాటే. వాళ్ళ పాదాల దగ్గరికి వచ్చేసరికి ఇది తీరిక చర్చ కాకుండా పోతుంది.

అనుభవవాది: ఒప్పుకోవలసిందే. లేని స్పర్శ లేదని ఒంటికి తెలియదు. అక్కడ బయటి నుంచి ఎవరో వచ్చి ముట్టుకుని చూడాలి. కానీ దానికి ఈ యంత్రమే కావాలా? కుష్ఠులో స్పర్శ పోయే వరసలో వేడి చలువలు ముందువరసలో పోతాయని డాక్టర్లకు ఏనాటి నుంచో తెలుసు. ఒక గాజు గొట్టంలో వేడి నీళ్ళు, ఇంకోదాంట్లో చన్నీళ్ళు పోసి, రోగిని కళ్ళు మూసుకోమని, పాలిపోయిన మచ్చ మీద ఒకసారి, మంచి చర్మం మీద ఒకసారి ఆనించి ‘ఏది వేడి’ అని అడిగేవారు. కరెంటు అక్కర్లేదు, ప్రమాణాల పట్టిక అక్కర్లేదు. అదే మనిషి మంచి చర్మమే ప్రమాణం. లక్షమందికి చేయగల పనిని పక్కనపెట్టి, నగరంలో ఏ పెద్దాసుపత్రిలోనో గంటసేపు కూర్చోబెట్టే పరీక్ష గురించి ఎందుకింత ఆరాటం?

కొలతవాది: గాజు గొట్టం పూర్తిగా పోయినదాన్ని పడుతుంది. పోతూ ఉన్నదాన్ని పట్టదు. ఉత్తరప్రదేశ్‌లో రెండు కుష్ఠు ఆసుపత్రుల్లో, అప్పటికింకా నరాల దెబ్బ బయటపడని 188 మంది రోగులను రెండేళ్ళు వెంబడించారు. నైలాన్ పోగుతో తాకి చూసే మామూలు స్పర్శ పరీక్షలో తేడా కనబడటానికి 12 వారాల ముందే, కొందరిలో అంతకన్నా ముందే, వెచ్చదనాన్ని గుర్తించే హద్దు చెదిరిపోవడం మొదలైంది. మూడు నెలలు! చెయ్యి వంకర తిరగకముందు, కంటికి ఏమీ కనబడకముందు. ఎవరిని వదలకుండా కనిపెట్టుకుని ఉండాలో ఆ అంకె చెప్పింది. దేశదేశాల్లో ఏటా కొత్తగా బయటపడే కుష్ఠు రోగుల్లో సగానికి పైగా మనదేశంలోనే ఉన్నారు. మనకు ఇది పెద్దాసుపత్రి ముచ్చట కాదు.

అనుభవవాది: పోయేదాన్ని పట్టడంలో దాని గొప్ప కాదనలేం. మరి ఎక్కువైపోయినదాని సంగతి? పెద్దపేగు క్యాన్సర్‌కు ఆక్సాలిప్లాటిన్ ఎక్కించుకున్నవాళ్ళు ఆ తర్వాతి రోజుల్లో ఫ్రిజ్‌లోంచి స్టీలు గ్లాసు తియ్యబోతే వేళ్ళకు సూదులు గుచ్చినట్టు జివ్వుమంటుంది. చన్నీళ్ళు మింగితే గొంతు పట్టేసినట్టవుతుంది. చల్లదనం ‘ఎంతలో తెలిసింది’ అన్న అంకె వాళ్ళ బాధ పక్కనుంచి వెళ్ళిపోతుంది. తెలియడం సరిగ్గానే ఉండొచ్చు, తెలిసిన తీరే భరించలేనిది.

కొలతవాది: అందుకే చలి ఎక్కడ నొప్పిగా మారుతుందో విడిగా చూస్తారు. అలాంటివాళ్ళలో ఆ హద్దు ముందుకు జరిగి కనబడుతుంది.

అనుభవవాది: కనబడితే సరే. కనబడకపోతే? నొప్పి హద్దు ఆరోగ్యవంతుల్లోనే మనిషికీ మనిషికీ బోలెడంత మారుతుంది. కొందరు సున్నా దాకా పోయినా నొప్పి అనరు. ఆ పెద్ద విస్తీర్ణంలో ఎక్కడో పడిన రోగికి ‘నార్మల్’ అని రాసిచ్చేస్తారు. ఇప్పుడు అసలు విషయం. 2003లో ఫ్రీమన్, ఆయన సహచరులు అమెరికాలో ఒక ప్రయోగం చేశారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళను స్పర్శ తగ్గినట్టు నటించమన్నారు. నటించినవాళ్ళనూ, నిజంగా నరాలు దెబ్బతిన్నవాళ్ళనూ ఈ పరీక్ష విడదీయలేకపోయింది. అదే ఏడాది అమెరికన్ న్యూరాలజీ అకాడమీ ఈ రీడింగులను కోర్టు తగాదాలు తేల్చడానికి వాడకూడదని చెప్పింది. ఎందుకంటే యంత్రం కొలిచేది పలక వేడిని మాత్రమే. తగిలిందా లేదా అన్నది బటన్ పట్టుకున్న మనిషి చెప్పాలి. ఇదీ మనిషి మాటే, వేలితో చెప్పిన మాట. కానీ కాగితం మీదికి ఎక్కేసరికి అది యంత్రం మాటైపోతుంది, మనిషి నోటితో చెప్పినదాని కంటే ఎత్తున కూర్చుంటుంది. రీడింగు చెడ్డగా వస్తే ‘కావాలనే ఆలస్యంగా నొక్కాడు’ అంటారు. బాగా వస్తే ‘నరాలు బాగానే ఉన్నాయి, అంతా మనసులోనే’ అంటారు. ఫ్యాక్టరీలో రసాయనాల మధ్య పనిచేసి పాదాలు మండుతున్నాయంటూ పరిహారం అడిగే కార్మికుడికి ఈ రెండు మాటలూ తగులుతాయి. రెండువైపులా ఓడేది అతనే.

ఇక్కడికి వచ్చేసరికి కొలతవాది గొంతు కాస్త మారుతుంది. చేతికున్న సాధనం మీద ఇష్టం ఉన్నవాళ్ళకు ఈ ప్రశ్న ఎప్పుడూ గుచ్చుకునేదే.

కొలతవాది: నిజమే, ఈ పరీక్ష ఒక్కదాన్నే పట్టుకుని ఏ నిర్ణయమూ చేయకూడదు, కొలిచేవాళ్ళే ఆ మాట రాసుకున్నారు. అందుకే చీలమండకు పైన పది సెంటీమీటర్ల ఎత్తున మూడు మిల్లీమీటర్ల చర్మం ముక్క తీసి నరపు కొసలు లెక్కపెడతారు. అయితే దానితోనూ తగాదా తీరదు. కొసలు తగ్గినా వెచ్చదనం బాగానే తెలిసేవాళ్ళున్నారు, కొసలు నిండుగా ఉన్నా మంటతో బాధపడేవాళ్ళున్నారు. సూక్ష్మదర్శిని కొసలను చూపిస్తుంది, అవి ఏం మోస్తున్నాయో చూపించలేదు. అది తెలియాలంటే మళ్ళీ మనిషి దగ్గరికే రావాలి. ఎలా వస్తామన్నదే తేడా. మేయో క్లినిక్‌లో పీటర్ డైక్ రూపొందించిన పద్ధతిలో మధ్యమధ్య పలకను కదపకుండా ఉత్తినే ‘ఇప్పుడు తెలిసిందా’ అని అడుగుతారు. ఏమీ ఇవ్వనప్పుడూ తెలిసిందనే మనిషి జవాబులను పక్కనపెట్టి, ఆపి, మళ్ళీ మొదలుపెడతారు. ఇది అనుమానం కాదు. అలసటనూ, తొందరనూ, డాక్టరును సంతోషపెట్టాలన్న ఆరాటాన్నీ చర్మం నుంచి వేరు చేయడానికి చేసే ప్రయత్నం.

అనుభవవాది: లేనిదాన్ని ఉందని చెప్పేవారి విషయంలో అది పనిచేస్తుంది. లేదని చెప్పేవారి విషయంలో? ఏమీ ఇవ్వనప్పుడు తెలియలేదన్నవాడు నిజమే చెప్పినట్టు. ఇచ్చినప్పుడూ తెలియలేదంటే, పోయినట్టా, నటించినట్టా?

కొలతవాది: అది తేల్చే సాధనం ఇంకా రాలేదు.

అనుభవవాది: ఇంకొకటి. 1940లో న్యూయార్క్‌లో హార్డీ, వుల్ఫ్, గుడెల్ అనే ముగ్గురు నుదుటి మీద దీపపు వేడిని పడనిచ్చి నొప్పి మొదలయ్యే హద్దు కొలిచారు. అది మనుషులందరికీ దాదాపు ఒకటేనన్నారు. నొప్పికి ‘డోల్’ అని ఒక ప్రమాణం కూడా పెట్టారు. ఇప్పుడు ఏ డాక్టరూ నొప్పిని డోల్‌లలో రాయడు. తర్వాత చూసినవాళ్ళకు మనుషులు అంత ఏకరీతిగా కనబడలేదు. ఒక దేశపు 180 మంది మీద కట్టిన పట్టిక కూడా, నలభై ఏళ్ళు పొలంలో వట్టి కాళ్ళతో నడిచిన పాదానికి అంతే జాగ్రత్తగా వాడవలసింది.

కొలతవాది: పట్టిక అక్కర్లేని దారి ఒకటుంది. ఇందాక గాజు గొట్టాల విషయంలో వచ్చిన మాటే. అదే మనిషి కుడి పాదాన్ని ఎడమ పాదంతో పోల్చాలి. దెబ్బతిన్న నరం ఒకవైపే ఉంటే తేడా ఇట్టే బయటపడుతుంది, జర్మనీతో పని లేదు.

అనుభవవాది: షుగర్ రెండు పాదాలనూ కలిపే తీసుకుపోతుంది. కుడి ఎడమల లెక్క అక్కడ సమానంగానే వస్తుంది, రెండూ సమానంగా మొద్దుబారి.

కొలతవాది: అప్పుడు పోయినేడాది రీడింగుతో పోల్చాలి. షుగర్ బయటపడిన తొలి ఏడాదే ఒకసారి పలక కట్టి రాసి ఉంచితే, ఆ మనిషికి ఆ మనిషే ప్రమాణం అవుతాడు. అందుకు కావలసింది తొలిరోజు శ్రద్ధ.

అనుభవవాది: ఆ తొలిరోజే పలక కట్టకముందు పక్కన కూర్చుని ‘కాళ్ళలో ఎలా ఉంటుంది, ఎప్పుడు ఎక్కువ, రాత్రి దుప్పటి తగిలితే ఓర్చుకోగలరా, స్నానం నీళ్ళ వేడి చేత్తో చూస్తారా కాలితో చూస్తారా’ అని అడిగి, చెప్పింది చెప్పినట్టు రాసుకోవాలి. అంకె వచ్చాక అడిగితే రోగి అంకెకు తగ్గట్టు చెబుతాడు. ‘మీ నరాలు బాగున్నాయి’ అన్న డాక్టరు ఎదుట ఎంతమంది ‘కాదు, మండుతున్నాయి’ అని నిలబడగలరు?

కొలతవాది: ముందు అంతసేపు మంట గురించి మాట్లాడిస్తే మనసంతా పాదం మీదికి పోతుంది. ఆ తర్వాత నొక్కే బటన్ వేరు. కొలత ముందు, కబుర్లు తర్వాత. సూచనలను అక్షరం మార్చకుండా చదివేది అందుకే.

అనుభవవాది: మనసు పాదం మీద లేని మనిషికి తెలిసే వేడి ఒకటి, ఉన్నవాడికి తెలిసేది ఒకటి అని మీరే అంటున్నారు. అయితే ఈ రెండింట్లో రోగి రాత్రుళ్ళు పడుకునేది ఏ పాదంతో?

కొలతవాది: మనసు పెట్టిన పాదంతోనే. కానీ మే నెల ఎండలో బండల మీద నడిచేది మనసు పెట్టని పాదంతో.